అకాల యాత్ర

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగము)



రజతోత్సవ సమయమున గ్రంథాలయముల మహిమను గూర్చి చెప్పువారు పలువురు గలరు. ఈ ప్రసంగము అట్టిది గాదు. ఇది ఒక చిన్న ప్రశ్నను గూర్చినది. ఆ ప్రశ్న పోయిన శ్రావణమాసమున ఈ గ్రంథాలయపు బల్లయొద్దకే వచ్చినది. సాయంకాలము పత్రికలు చదువుటకు వచ్చువారందఱును దానిని విని, తలయొక మాట చెప్పియున్నారు. చెప్పిన మాటలలో సగము భయము, సగము హాస్యము. కొంచెము విచారించి చెప్పవలసిన విషయ మగుటచే ఇక్కడ ఎత్తుకొనబడుచున్నది.

ఈ ప్రాంతపు విశ్రాంత ఉపాధ్యాయు లొకరి కుమార్తె నార్వే దేశపు ఉత్తర తీరమున బోడో అను పట్టణమున మత్స్యశాస్త్రము చదువుచున్నది. వచ్చు మే నెలాఖరునకు చదువు ముగియును. ఆ పిమ్మట ఉద్యోగము ఏ దేశముననో తెలియదు. ఆ పిల్ల తల్లిదండ్రులకు ఫోను చేసి, చలికాలమున వచ్చినచో విమానపు చార్జీలు తక్కువ, బసకు తన గది యున్నది, ఎదురుగా నున్న లోఫోటెన్ దీవులను కూడ చూడవచ్చును, రండని పిలిచినది. ఉపాధ్యాయులుగారు యాత్రా గ్రంథములు తిరుగవేసిరి. అవి అన్నియు జూన్, జూలై మాసములనే చెప్పుచున్నవి. అర్ధరాత్రియందు సూర్యుడు, పచ్చని కొండలు, ప్రశాంతమైన నీళ్లు. చలికాలమును గూర్చి ఒకటి రెండు పంక్తులు. అది సీజను కాదని. ఆయనకు మోకాలి నొప్పి. చేతనున్న సొమ్ము ఒక్క యాత్రకు మాత్రమే చాలును. వేసవికి ఆగినచో పిల్ల అచ్చట నుండకపోవచ్చును. చలికాలమున పోయినచో దేశము కనబడకపోవచ్చును. పోదగునా, పోరాదా? ఇదియే ప్రశ్న.

మొదటి శంక చలి. పటము చూచిన ఎవరికైనను గుండె ఝల్లుమనును. లోఫోటెన్ దీవులు 68 డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు ఇటునటుగా, ఆర్కిటిక్ వృత్తమునకు పైన నున్నవి. ఇంచుమించుగ అదే అక్షాంశమున సైబీరియాలో వెర్ఖొయాన్స్క్ అను పట్టణము కలదు. అచ్చట జనవరి మాసపు సగటు శీతము సున్నకు దిగువ 45 డిగ్రీలు. 1892లో ఒకమారు సున్నకు దిగువ 67.8 డిగ్రీల వఱకు పోయినది. లోఫోటెన్ దీవుల కొసనున్న రోస్ట్ దీవిలోనో, అదే జనవరి సగటు సున్నకు కొంచెము పైననే యుండును. ఒకే అక్షాంశమున ఇంత భేద మేల యనగా, అట్లాంటిక్ మహాసముద్రమున నైరృతి దిక్కునుండి వెచ్చని నీటి ప్రవాహ మొకటి నార్వే తీరము వెంబడి ఉత్తరమునకు పోవుచున్నది. ఆ నీటి మీదుగా వచ్చు గాలియు కొంత వెచ్చన. ఆ తీరమునకు సముద్రమే కుంపటి. నడిచలికాలమున గూడ అచ్చటి రేవులు గడ్డకట్టవు.

అయినను ఈ లెక్క చూచి మోసపోరాదు. ఉష్ణమాపకము చెప్పు అంకె వేఱు, చెవికి తగులు గాలి వేఱు. తడిగాలి, వాన, మంచు, మరల వాన, ఒకే పూటలో వచ్చును. అచ్చటివారు ఒంటికి ఆనునట్లు ఉన్ని బట్ట తొడిగి, పైన మఱియొక ఉన్ని, ఆ పైన గాలి చొరని కోటు తొడుగుదురు. మన నూలుబట్ట ఒంటి నంటి యున్నచో చెమటకు తడిసి చలిని పట్టి యుంచును. కాశ్మీరమునకు పోయి వచ్చితిమి, మాకు చలి క్రొత్తయా యను ధైర్యమును, మంకీక్యాపు నొక్కదానిని నమ్ముకొనుటయు ఇక్కడ పనికి రావు.

రెండవ శంక చీకటి. ఇది మొదటిదానికన్న పెద్దది. లోఫోటెన్ దీవులలో డిసెంబరు మొదటి పక్షము నుండి జనవరి మొదటి వారము వఱకు సూర్యబింబము దిగంతముపైకి రాదు. అట్లని ఇరువదినాలుగు గంటలును కటిక చీకటి యనుకొనరాదు. మధ్యాహ్నమునకు ఇటునటు కొన్ని గంటలపాటు మన యిచ్చట సూర్యోదయమునకు ముందుండు వెలుగువంటిది వచ్చును. ఆకాశము నీలముగ, దక్షిణపు అంచున ఎఱ్ఱగ నుండును. మంచు కప్పిన కొండలు ఆ వెలుగును పట్టి చూపును. పిమ్మట సూర్యుడు వచ్చు వేగము ఆశ్చర్యకరము. జనవరి నడుమ పగలు మూడు గంటలు. నెలాఖరునకు సుమారు అయిదు. ఫిబ్రవరి చివరకు తొమ్మిది. మార్చి విషువమునకు మనకును వారికిని పగలు సమానము. మనకు ఉత్తరాయణ మనగా పంచాంగమున ఒక పంక్తి, ఇంట పొంగలి. అచ్చట అది కంటికి కనబడు పని. ఇంకను ఉత్తరమున నున్న ట్రోమ్సో పట్టణమున జనవరి 21వ తేదీని సూర్యదినముగ జరుపుకొందురు. రెండు నెలలకు సూర్యుడు కొండల మీదుగా మొగము చూపు దిన మది. పిల్లలకు బడిలో ఆటవిడుపు. ఇంటింట సూర్యుని పేర గుండ్రని తీపి రొట్టెలు తిందురు. మన రథసప్తమికి ఆ రొట్టెలు దూరపు చుట్టములే.

ఇక, సీజను కాదనుమాట. ఈ మాట ఎవరు పుట్టించిరో విచారింపవలెను. యాత్రికులకు బస అమ్మువారు పుట్టించిరి. ఆ తీరపు వారి నడిగినచో సీజను అనగా చలికాలమే యందురు. అది యెట్లో కొంచెము విపులముగ చెప్పవలసియున్నది.

కాడ్ అను చేప ఉత్తరమున బేరెంట్స్ సముద్రమున పెరుగును. ఏటేట జనవరి మొదలు ఏప్రిలు వఱకు గుడ్లు పెట్టుటకై గుంపులు గుంపులుగా దక్షిణమునకు వందల మైళ్లు ఈదుకొని లోఫోటెన్ దీవులకును ప్రధాన భూమికిని నడుమనున్న వెస్ట్ ఫ్యోర్డ్ అను విశాలమైన సముద్రపు పాయలోనికి వచ్చును. ఈ విధముగ వచ్చు చేపకు వారి భాషలో స్క్రై అని పేరు. సంచరించునది యని అర్థము. యాత్ర చేయు చేప యన్నమాట. 1864లో సార్స్ అను నార్వే శాస్త్రజ్ఞుడు ఇచ్చటనే పరిశోధించి, కాడ్ చేప గుడ్లు అడుగున పడియుండవు, నీటి పైభాగమున తేలుచుండునని కనుగొనెను. అంతకుముందు చేపగుడ్లన్నియు నేలనే అంటియుండునని లోకము నమ్మియుండెను.

ఈ చేపకొఱకు తీరము పొడవునను గల పల్లెలనుండి రైతులే జాలరులై, తెరచాప పడవలలో చలికాలమున ఇచ్చటికి వచ్చెడివారు. పడవను తలక్రిందులుగా బోర్లించి దాని క్రింద పండుకొనెడి ఆ దినములలో, సుమారు 1120 ప్రాంతమున, ఓయ్‌స్టైన్ అను రాజు వోగన్ గ్రామమున వారికి కుటీరములు కట్టించెను. తెడ్డు వేయువాని గుడిసె యను అర్థమున వానిని రోర్బు అందురు. సగము రాతిమీద, సగము నీటిమీద నిలిపిన స్తంభములపై ఎఱ్ఱరంగు వేసి కట్టిన ఆ యిండ్లే నేడు యాత్రికులకు అద్దె కిచ్చుచున్నారు. వేసవి యాత్రికుడు ఎఱ్ఱని ఇంటి ఛాయాచిత్రము తీసుకొని సంతోషించును. అది ఏల కట్టబడినదో తెలిసికొనవలెనన్న ఫిబ్రవరిలోనే పోవలెను.

పట్టిన చేపను తల తీసి, కడుపు శుభ్రపఱచి, రెండేసి తోకలు కట్టి కొయ్య పందిళ్లమీద వ్రేలాడదీయుదురు. ఉప్పు వేయరు. మన తీరమున జాలరులు చేపను ఇసుకమీద ఎండబెట్టుదురు. ఇచ్చట ఎండతో పని లేదు. ఫిబ్రవరి మొదలు మే వఱకు సున్న డిగ్రీల చుట్టు తారాడు గాలియే ఆఱబెట్టును. మిక్కిలి చలి యైనచో మంచు చేరి కండ చెడును; వెచ్చనైనచో ఈగలు చేరును. ఆ సమశీతము ఆ తీరమునకే పుట్టుక ధర్మము. చేపలోని నీరంతయు పోయి కట్టెవలె నగును, సంవత్సరములు నిలువయుండును. ఆ పిమ్మట అనుభవజ్ఞులు ఒక్కొక్క చేపను కంటితో చూచి, వాసన చూచి, సుమారు ఇరువది తరగతులుగా విడదీయుదురు. మేలైనది ఇటలీ దేశమునకు పోవును. తలలు వేఱుగా ఎండబెట్టి ఆఫ్రికాలోని నైజీరియాకు పంపుదురు. చేప నాలుకలు కోయు హక్కు మాత్రము పిల్లలది. బడి విడిచిన పిమ్మట కత్తి పట్టుకొని నాలుకలు కోసి అమ్ముకొని ఆ సొమ్ము తామే ఉంచుకొందురు. పదేండ్ల వయసున సొంత లెక్క వ్రాసికొను పిల్లలు! శాకాహారులకు ఈ వర్ణన రుచింపకపోవచ్చును. వాసనయు తప్పదు. కాని ఒక దేశము దేనిమీద నిలిచినదో తెలిసికొనుటకు ముక్కు మూసికొని పోరాదు గదా. నార్వే వారి 200 క్రోనుల నోటుమీద ఇటీవలి వఱకు బిర్కెలాండ్ అను శాస్త్రజ్ఞుని బొమ్మ యుండెడిది. 2017లో క్రొత్త నోటు వచ్చినది. దానిమీద ఉన్నది కాడ్ చేప. పండితుడు దిగిపోయి చేప యెక్కినది. ఆ పండితుని ముచ్చట ముందు వచ్చును.

ఈ చేపల పంటకు చెల్లించిన వెల తక్కువ కాదు. 1849 చలికాలమున ఒకే దినమున వచ్చిన తుపానులో సుమారు 500 మంది జాలరులు లోఫోటెన్ నీళ్లలో మునిగిపోయిరి. 1890లో ఆవిరి పడవలవారు ట్రోల్ ఫ్యోర్డ్ అను ఇరుకు పాయను చేపలతో సహా అడ్డగట్టి, తెరచాప పడవలవారిని లోనికి రానీయక పోగా, చిన్న పడవలవారు వందలుగా చేరి పోరాడి దారి చేసికొనిరి. మన చెరువుల చేపల పాటల తగవులు చూచినవారికి ఇది వింతగా తోచదు.

అకాలమున ఆ తీరమునకు పోయినవారిలో అందఱికన్న ప్రసిద్ధుడు తానై పోయినవాడు గాదు. వెనీసు నగరపు వర్తకుడు పియెత్రో క్వెరీని 1431 ఏప్రిలు మాసమున క్రీటు దీవినుండి ద్రాక్షసారాయి పీపాలును, సుగంధద్రవ్యములును ఓడ కెత్తుకొని, 68 మందితో ఫ్లాండర్సు దేశమునకు బయలుదేఱెను. దారిలో ఆలస్యములు. శరత్కాలము దాటి ఐరోపా పడమటి సముద్రమున ప్రవేశించుసరికి తుపానులు పట్టుకొనినవి. చుక్కాని విఱిగినది, తెరచాపలు చినిగినవి, గాలి ఓడను ఉత్తరమునకు ఈడ్చుకొనిపోయినది. డిసెంబరు నడుమ ఓడను విడిచి రెండు చిన్న పడవలలోనికి దిగిరి. ఒక పడవ ఏమైనదో తెలియలేదు. రెండవ పడవలో నీరు లేక, తిండి లేక, దినదినము కొందఱు చనిపోవుచుండిరి. పగలు ఎప్పుడో రాత్రి ఎప్పుడో తెలియని ఆ చీకటిలో, 1432 జనవరి మొదటి దినములలో, మిగిలినవారు మంచు కప్పిన ఒక నిర్జన ద్వీపమున ఒడ్డు పట్టిరి. మొదట మంచు తినిరి. గవ్వచేపలు ఏఱుకొని తినిరి. పడవ చెక్కలతో నిప్పు పెట్టుకొనిరి. అట్లు దాదాపు నెల గడచినది. అప్పటికి మిగిలినవారు పదునొకండుగురు.

ప్రక్కనున్న రోస్ట్ దీవి జాలరులు తమ తప్పిపోయిన పశువులను వెదకుచు వచ్చి వారిని చూచిరి. భాష తెలియదు. కులగోత్రములు తెలియవు. అయినను తీసికొనిపోయి, తమ యిండ్లలో తలకొకరిని ఉంచుకొని, మే మాసము వఱకు పోషించిరి. ఆ దీవిలో అప్పుడున్నవారు సుమారు 120 మంది. పంట లేదు, చేపయే అన్నము, చేపయే నాణెము. క్వెరీని స్వదేశమునకు చేరి వ్రాసిన నివేదికలో ఆ జనుల నిష్కాపట్యమునకు ఆశ్చర్యపడెను. వారు తలుపులకు గడియలు గాని, పెట్టెలకు తాళములు గాని ఎఱుగరని వ్రాసెను. వెనీసు వర్తకునకు ఇది నమ్మరాని సంగతి! ఎండుకాడ్ రుచిని ఇటలీకి పరిచయము చేసినవా డితడే యని ప్రతీతి. వెనీసు ప్రాంతమువారు నేటికిని ఆ చేపను పండుగ భోజనముగ వండుదురు. వారు ఒడ్డు పట్టిన సాండోయ దీవిలో 500 ఏండ్ల పిమ్మట, 1932లో, జ్ఞాపకార్థము ఒక శిల నిలుపబడినది.

ఇందు గమనింపవలసిన దొకటి యున్నది. క్వెరీని వేసవిలో ఆ తీరమునకు వచ్చినచో రేవున సరుకు దించి, సరుకు ఎత్తి, వెళ్లిపోయి యుండును. ఆ జనుల వంటయింటిలోనికి పోయి యుండడు.

చీకటిలో ఆ తీరమున ఓడ నడపరాదను మాట ఆ తరువాత 460 ఏండ్లు నిలిచినది. పందొమ్మిదవ శతాబ్దిలో ట్రోంధైమ్ నుండి హామర్‌ఫెస్ట్ పట్టణమునకు జాబు చేరుటకు వేసవిలో మూడు వారములు, చలికాలమున అయిదు నెలలు పట్టినను పట్టెడిది. ప్రభుత్వమువారు వారము వారము ఓడ నడపుడని యడుగగా పెద్ద కంపెనీలు వెనుదీసినవి. రిచర్డ్ విత్ అను నావికుడు మాత్రము ఒప్పుకొనెను. ఆయనయు, ఆయన మార్గదర్శియు దీవుల నడుమ ఏ దిక్కునకు ఎంత వేగమున ఎన్ని నిమిషములు పోవలెనో సంవత్సరముల తరబడి పుస్తకమున వ్రాసికొని యుండిరి. దిక్సూచి, గడియారము, ఆ లెక్కల పుస్తకము, ఈ మూటిని నమ్మి 1893 జూలైలో మొదటి ఓడ బయలుదేఱి మూడు దినములలోపల హామర్‌ఫెస్ట్ చేరెను. ఆ ఓడల వరుసను నేడు హుర్టిగ్రూటెన్, అనగా వేగమార్గము, అందురు. బెర్గెన్ నుండి కిర్కెనెస్ వఱకు ఏడాది పొడవునను, చీకటి నెలలలో గూడ, బోడో రేవును తాకుచునే పోవుచున్నవి. లెక్క సరిగా వ్రాసికొనినచో చీకటి దారి యిచ్చును.

ఉత్తర దిక్కును గూర్చి మన పూర్వులకును ఊహ లేకపోలేదు. వాల్మీకి రామాయణమున కిష్కింధాకాండలో సుగ్రీవుడు సీతాన్వేషణకై శతబలిని ఉత్తరమునకు పంపుచు, ఉత్తరకురుభూములను దాటిన పిమ్మట సముద్రమును, దాని నడుమ సోమగిరి యను బంగారు కొండయు గలవనియు, అచ్చట సూర్యుడు లేకున్నను ఆ కొండ కాంతిచే దేశము వెలుగుచుండుననియు చెప్పెను. దానిని దాటి పోరాదని కూడ చెప్పెను. ఇది ధ్రువకాంతియే యని తేల్చి చెప్పుట సాహసము. బాలగంగాధర తిలక్ 1903లో వేదములలో ధ్రువప్రాంతపు దీర్ఘ ఉషస్సులు వర్ణింపబడినవని పెద్ద గ్రంథమే వ్రాసెను. పండితులు పెక్కురు దానిని అంగీకరింపలేదు. అయినను సూర్యుడు లేని చోట వెలుగు అను మాట చదువుకొనినవాడు లోఫోటెన్ ఆకాశమున ఆకుపచ్చని తెరలు ఆడుట చూచినచో, ఆ సర్గము తలపునకు రాక మానదు.

ఆ వెలుగు వేసవిలో కనబడదు. రాత్రియే లేదు గదా. సెప్టెంబరు నుండి మార్చి చివర వఱకు, మబ్బు లేని రాత్రులయందు మాత్రమే కనబడును. నోటుమీద నుండి దిగిపోయిన ఆ బిర్కెలాండ్ పండితుడు 1899 చలికాలమున ఆల్టా పట్టణపు సమీపమున కొండశిఖరముపై వేధశాల కట్టి, మంచు తుపానుల నడుమ నివసించి, దానిని పరిశోధించెను. సూర్యునినుండి వచ్చు విద్యుత్కణములను భూమి అయస్కాంతశక్తి ధ్రువములవైపు లాగుటయే దానికి కారణమని చెప్పి, గాజుపెట్టెలో అయస్కాంతపు గోళమును పెట్టి చూపెను. ఆయన కాలమున నమ్మినవారు కొద్ది. కృత్రిమోపగ్రహములు వచ్చిన పిమ్మట మూలమున ఆయన మాటయే నిలిచినది.

ఇంతవఱకు చెప్పినదంతయు పొమ్మనియే చెప్పుచున్నది. పోవలదను పక్షమున కూడ చెప్పవలయును గదా. బోడో నుండి లోఫోటెన్ లోని మొస్కెనెస్ రేవునకు పడవ మూడు నాలుగు గంటలు. చలికాలమున గాలి లేచినచో ఆ పడవ ఆగిపోవును. ఒక దినము కావచ్చు, రెండు దినములు కావచ్చు. ఆ పడవ పోవుదారికి అనతిదూరముననే, ఎడ్గార్ పో 1841లో కథ వ్రాసిన మొస్కెన్ సుడిగుండ మున్నది. కథలో వలె ఓడలను మ్రింగదు గాని, పోటుపాటులకు నీరు ఉఱకలు వేయును. దీవులలోని రహదారి మంచు తుపానులో మూసివేయుదురు. అన్నిటికన్న పెద్ద అపాయము చూచుటకు చిన్నది: ఇంటిముంగిట గాజువలె గడ్డకట్టిన నీరు. అర్ధసంవత్సరము ఆ నేలమీద నడచినవారే చెప్పుకు ఇనుప ముల్లులు తగిలించుకొందురు. అరువది దాటి, మోకాలి నొప్పిగలవారు జారిపడినచో తుంటి యెముక సంగతి చెప్పవలసిన పని లేదు. కారు అద్దెకు తీసికొని తామే నడుపుదమను ఆలోచన మన యెండదేశపు వారు మానుకొనుటయే మేలు.

వారము దినముల యాత్రకు ఈ అపాయములన్నియు పెద్దవే. ఒక తుపాను వచ్చినచో సగము యాత్ర గదిలోనే ముగియును. కనుక ఉపాధ్యాయులుగారు లెక్క వేసి, పోవుట యున్నచో మార్చి మొదటి పక్షముననే పోవలెనని నిర్ణయించిరి. పగలు పది గంటలుండును, చేప పందిళ్లమీద నుండును, రాత్రి ఆకాశమున వెలుగు కనబడవచ్చును, మంచు కొంచెము తగ్గును. యాత్రికునికి ఇంతకన్న మంచి కాలము లేదు. విచారణ ఇంతటితో ముగియవలసినదే.

కాని ఆయన భార్యగారు దానికి ఒప్పుకొనలేదు. ఆమె యాత్రా గ్రంథములు చదువలేదు. పోయిన ఏటి డిసెంబరులో పిల్ల ఫోనులో మాటలాడునప్పుడు కంఠము సన్నగిల్లియుండుట, మధ్యాహ్నము రెండు గంటలకే కిటికీ వెనుక నల్లగా నుండుట, తిన్నదానికి తినలేదని, తినని దానికి తింటినని చెప్పుట, ఇవన్నియు ఆమెకు జ్ఞాపక మున్నవి. “పిల్ల చీకటిలో ఉన్నప్పుడు పోక, వెలుతురు వచ్చిన తరువాత పోయి చూచునది ఎవరినండీ? సముద్రమునా?” అని యడిగినది. ఈ ప్రశ్నకు గ్రంథాలయమున నున్న పుస్తకములలో సమాధానము దొరకలేదు. తీరమునకు పోవుటయా, పిల్లయొద్దకు పోవుటయా యనునది అంతవఱకు ఎవరును అడుగలేదు. రెండును ఒకటే యనుకొని లెక్క వేయుచుండిరి.

ఆ తరువాత లెక్క మరల మొదటినుండి వేయవలసివచ్చినది. విమానపు చార్జీ వారమునకైనను నెలకైనను ఒకటే. బసకు ఖర్చు లేదు. యాత్రికుల వీసా తొంబది దినముల వఱకు ఉండనిచ్చును. చలికాలపు యాత్రకు కావలసినది సొమ్ము కాదు, దినములు. తుపానుకు విడిచిపెట్టుటకు దినములు, జారని దారి దొరకు వఱకు ఇంట కూర్చుండుటకు దినములు. ఆ దినములు విశ్రాంత ఉపాధ్యాయునియొద్ద గాక మఱి యెవరియొద్ద నుండును? కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే మాసమున చెన్నపట్టణము విడిచి, మరల ఇల్లు చేరునది 1831 సెప్టెంబరున. ఎండయు, వానయు, చలియు దారిలోనే గడచినవి. ఏ మజిలీలో నీరు, ఏ మజిలీలో బియ్యము దొరకునో వ్రాసికొనుచు పోయిరేగాని, సీజను చూచుకొనలేదు.

తుదకు తేలిన దిది. భోగికి నాలుగు దినములు ముందుగా బోడో చేరుదురు. అప్పటికి సూర్యుడు తిరిగి వచ్చి కొద్ది దినములే యగును. పగలు మూడు గంటలు. సంక్రాంతి ముగ్గురును ఒక గదిలో చేసికొందురు. జనవరి అంతయు ఎక్కడికిని పోవుట లేదు. ఫిబ్రవరిలో గాలి తగ్గిన దినము చూచి, పిల్ల సరేయన్నచో లోఫోటెన్ పడవ యెక్కుదురు; గాలి తగ్గకున్నచో ఎక్కరు. ఎక్కినచో దారి ముగియు చోట ఓ అను ఒంటి యక్షరపు పేరుగల గ్రామము వఱకు బస్సులో పోవుదురు. వారి భాషలో ఓ అనగా ఏఱు. అచ్చట ఎండుచేపకే ఒక ప్రదర్శనశాల కలదు. ఫిబ్రవరి నెలాఖరునకు తిరుగు ప్రయాణము. అనగా పిల్లకు చీకటి కడపటి దినములలో తోడును, వారికి వెలుగు పెరుగుటను చూచు భాగ్యమును దక్కును. మార్చి నెల ఆకాశమును వారు వదలుకొనిరి.

ఉన్ని బట్టలు కొనుట అయినది. చెప్పుల ముల్లులు అచ్చటనే కొనవలెనని పిల్ల వ్రాసినది. ఆమె తల్లి అరిసెలకు బియ్యము నానబెట్టు దినము కూడ లెక్కించి యుంచినది. ఉపాధ్యాయులుగారు శ్రావణమున తీసికొనిపోయిన కాశీయాత్రచరిత్ర ఇప్పటికిని ఆయన పేరనే రిజిస్టరులో నున్నది. గడువు ఎన్నడో దాటినది. దానిని కూడ తీసికొనిపోవుటకు గ్రంథాలయాధికారి అనుమతి నడుగుచున్నారు. అనుమతి ఇచ్చునదియు లేనిదియు సభానంతరము తెలియును.